రెండు పలకలు

పాఠ్యభాగ సందర్భం:
కళాకారుడు నిలవడానికి ప్రతిభ ఒక్కటే చాలదు. నేర్పే గురువు, చేతికి అందే వాద్యం, పక్కన నిలిచే తోటివారు, శ్రమకు తగిన ప్రతిఫలం, వీటన్నిటినీ మించి గౌరవం అవసరం. పశ్చిమ ప్రకాశంలోని డప్పు బృందాల జీవితాన్ని ఆధారంగా చేసుకొని, సమష్టి సంగీతం పేదలకు ఏ విధంగా అండ కాగలదో వివరించడమే ఈ పాఠ్యభాగ ఉద్దేశం.

పాఠ్యభాగం:
మార్కాపురం అనగానే తెలుగువారికి పలక గుర్తుకు వస్తుంది. నల్లమల కొండలకు తూర్పున పరచుకొన్న ఈ మెట్టసీమలో నేలను తవ్వితే నల్లని రాయి పొరలు పొరలుగా లభిస్తుంది. ఆ పొరలను విడదీసి, కోసి, నునుపు చేసి, చుట్టూ కొయ్యచట్రం బిగిస్తే అది బడిపిల్లల పలక అవుతుంది. దేశంలోని ఎన్నో ప్రాంతాల పిల్లలు మార్కాపురం పలకల మీదనే తొలి అక్షరాలు దిద్దినారు. మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు 1970 వరకు కర్నూలు జిల్లాలో ఉండేవి. ఆ సంవత్సరం ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరినవి. ఆ జిల్లాకే 1972లో ప్రకాశం అని పేరు వచ్చింది. గుండ్లకమ్మ ఈ సీమ గుండానే ప్రవహిస్తుంది. విజయనగర కాలంనాటి కంభం చెరువు ఈ సీమలోనే ఉన్నది. అయినా వాన తక్కువ, కరవు ఎక్కువ. కాలం కలిసిరానప్పుడు పనులు వెతుక్కుంటూ వలస పోవడం ఇక్కడి కూలి కుటుంబాలకు కొత్త కాదు.

పలక అనే మాటకు తెలుగునాట మరొక అర్థం కూడా ఉన్నది. డప్పునే కొన్ని ప్రాంతాలవారు పలక అంటారు, కొందరు తప్పెట అంటారు. ఒక పలక మీద అక్షరం పలుకుతుంది, మరొక పలక మీద దరువు పలుకుతుంది. ఈ రెండింటి కథలోనూ ఒక పోలిక ఉన్నది. దేశమంతటికీ రాతిపలకలు అందించిన పరిశ్రమలో ఒకప్పుడు పిల్లలు కూడా పనిచేసేవారు. 1987లో భారత ప్రభుత్వం జాతీయ బాలకార్మిక విధానాన్ని ప్రకటించినప్పుడు, ప్రత్యేక శ్రద్ధ వహించవలసిన పరిశ్రమలలో మార్కాపురం పలకల పరిశ్రమ కూడా చేరింది. ఎందరో పిల్లలు చదువుకోవడానికి పలకలు తయారుచేసిన చిన్న చేతులకు తమదంటూ ఒక పలక లేకపోయింది. తోలు పలకను మోగించిన చేతులదీ అదే గతి. ఊరి పండుగలన్నిటికీ ప్రాణం పోసినవారికి ఆ పండుగలో చోటు లేకపోయింది.

డప్పు చూడటానికి సామాన్యమైన వాద్యం. గుండ్రని కొయ్యచట్రానికి ఒక వైపు మాత్రమే శుద్ధి చేసిన తోలును బిగిస్తారు. తోలు చట్రానికి గట్టిగా అంటుకొనడానికి చింతగింజల పిండితో కాచిన జిగురు వాడటం వాడుక. వాయించేవాడు డప్పును వారుతో ఎడమ భుజానికి తగిలించుకొంటాడు. కుడిచేతిలో పొట్టిగా, లావుగా ఉండే చిర్ర ఉంటుంది. ఎడమచేతి వేళ్ల మధ్య సన్నని సిటికెన పుల్ల ఉంటుంది. చిర్ర దెబ్బకు గంభీరమైన మోత, పుల్ల దెబ్బకు పదునైన మోత పుడతాయి. ఈ రెండు నాదాల కలయికలోనుండియే దరువులన్నీ వెలువడతాయి. గాలిలో తేమ ఉన్నప్పుడు తోలు సడలి నాదం మందగిస్తుంది. అందువలన వాయించడానికి ముందు గడ్డిమంట వేసి డప్పులను కాచుతారు. ఏ మేరకు కాచితే తోలు బిగువెక్కుతుందో, ఏ మేరకు మించితే పగులుతుందో చేతి వేలితో తట్టి తెలుసుకొంటారు. ఈ జ్ఞానం పుస్తకాలలో దొరకదు. చెవి, చేయి కలిసి సంవత్సరాల తరబడి నేర్చుకొనేది.

పల్లె జీవితంలో డప్పు మోగని సందర్భం అరుదు. పోలేరమ్మ కొలుపులకు, తిరునాళ్లకు, పీర్ల పండుగకు, పెండ్లి ఊరేగింపుకు, అంతిమయాత్రకు డప్పు కావాలి. ఊరికి ఏదైనా వార్త తెలియజేయవలసి వస్తే చాటింపుకు కూడా డప్పే కావాలి. ప్రతి సందర్భానికీ వేరు వేరు దరువు ఉంటుంది. దూరాన పొలంలో పనిచేసుకొనే రైతు మోత విని, ఊరిలో జరుగుతున్నది శుభమో అశుభమో గ్రహించగలడు. చదువు రానివారు సైతం చదువగలిగిన భాష అది.

డప్పును ఒంటరిగా మోగించడం కంటె బృందంగా మోగించడమే వాడుక. బృందంలో ఒకడు పెద్దగా ఉండి దరువు ఎత్తుకొంటాడు. తక్కినవారు దానిని అందుకొంటారు. పెద్ద కనుసైగ చేసినా, అడుగు మార్చినా, దరువు మారుతుంది. పదిమంది వేసిన దెబ్బ ఒక్కరు వేసినట్లు వినిపించాలి. కొత్తగా చేరిన బాలుడు వరుస చివర నిలిచి తేలికైన దరువు మాత్రమే వేస్తాడు. తప్పు పోయినా పక్కవారి మోతలో అది కలిసిపోతుంది, సర్దుకొనే వ్యవధి దొరుకుతుంది. పదిమందిలో తప్పు చేస్తూ, దిద్దుకొంటూ అతడు క్రమంగా వరుస ముందుకు జరుగుతాడు. వచ్చిన సంభావనను బృందం పంచుకొంటుంది. ఈ విధంగా చూస్తే డప్పు బృందం ఒకేసారి మూడు పనులు చేస్తున్నది. అది పాఠశాల, అది ఉపాధి, అది బంధుబలం. పేదవాని బిడ్డకు రుసుము లేకుండా సంగీతం నేర్పిన పాఠశాలలు మన పల్లెలలో ఇవే.

అయినా ఈ పాఠశాలను సమాజం పాఠశాలగా గుర్తించలేదు. తెలుగునాట డప్పు వాయించినవారు ప్రధానంగా మాదిగ కులస్థులు. చాలా గ్రామాలలో డప్పు వాయించడం కళగా కాక, కులం మీద మోపిన విధిగా సాగింది. పిలిచినప్పుడు రావాలి, చెప్పినంతసేపు మోగించాలి, పెట్టినది పుచ్చుకొని పోవాలి. దేవతను ఊరేగింపులో ముందుండి నడిపించిన డప్పు గుడి వాకిలి వద్ద ఆగిపోయేది. పెండ్లివారిని ఎదుర్కొని తెచ్చిన వాద్యకారుడు పంక్తికి దూరంగా కూర్చుండేవాడు. 1950లో అమలులోకి వచ్చిన భారత రాజ్యాంగం తన 17వ అధికరణం ద్వారా అంటరానితనాన్ని రద్దు చేసింది. చట్టం మారినంత త్వరగా మనసులు మారలేదు.

ఈ అవమానానికి ప్రకాశం జిల్లాలోనే ఒక గొప్ప ప్రత్యుత్తరం పుట్టింది. 1994 జూలై 7న ఈదుమూడి గ్రామంలో మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి ఆవిర్భవించింది. ఆ ఉద్యమం దండోరా అనే పేరుతో తెలుగునాట అంతటా వ్యాపించింది. దండోరా అంటే డప్పు వేసి చాటడం. ఇతరుల మాటను ఊరికి చాటడానికి తరతరాలుగా మోగిన డప్పు, ఈసారి తన మాటను తానే చాటుకొన్నది. తక్కువతనానికి గుర్తుగా భుజాన వేలాడిన వాద్యమే ఆత్మగౌరవ చిహ్నమై ఊరేగింపుల ముందు నడిచింది. వాద్యం మారలేదు, దానిని పట్టిన చేతి ఉద్దేశం మారింది.

ఇంత జరిగినా, డప్పు కళాకారుని ఇంట ఒక కఠినమైన ప్రశ్న మిగిలియే ఉన్నది. కొడుకు డప్పు పట్టవలెనా, విడిచిపెట్టవలెనా? విడిచిపెట్టుమని చెప్పే తండ్రి మాటలో న్యాయం ఉన్నది. తాను పడిన చిన్నచూపు బిడ్డ పడరాదని అతని కోరిక. నిలుపుకొమ్మని చెప్పే తండ్రి మాటలోనూ న్యాయం ఉన్నది. తాత చేతి నుండి వచ్చిన విద్య తనతో అంతరించరాదని అతని తపన. దీనికి తోడు బతుకుతెరువు ఒకటి ఉన్నది. పెండ్లిండ్లు, కొలుపులు సంవత్సరం పొడవునా ఉండవు. తక్కిన రోజులలో కూలి పనియే ఆధారం. ఊరేగింపులలో పెద్ద పెద్ద సౌండు బాక్సులు వచ్చిన తరువాత పిలుపులు మరింత తగ్గినవి. కరవు ఏడాది బృందంలో నలుగురు వలస పోతే మిగిలినవారితో దరువు నిండదు. ఒక్క మనిషి వెళ్లిపోవడం వలన ఒక వాద్యమే పోతుంది. బృందం చెదిరిపోతే పాఠశాలయే మూతపడుతుంది.

అటువంటప్పుడు ఏమి చేయాలి? కళాకారునికి జాలి చూపడం వలన ప్రయోజనం లేదు. అతని చుట్టూ అండ నిలపాలి. అండ ఉంటే పేద కుటుంబంలోని విద్య ఎంత ఎత్తుకు ఎదగగలదో తెలుసుకొనడానికి దూరం పోనక్కరలేదు. ఒంగోలుకు సమీపాన ఉన్న కరవది గ్రామమే నిదర్శనం. 1924లో అక్కడ జన్మించిన షేక్ చినమౌలానా నాదస్వర వంశానికి చెందినవారు. తొలిపాఠాలు తండ్రి కాసిం సాహెబ్ వద్ద, తరువాతి పాఠాలు చిలకలూరిపేటలో ఆదం సాహెబ్ వద్ద నేర్చుకొన్నారు. ఇంకా నేర్వవలసినది ఉన్నదని భావించి తమిళదేశం వెళ్లి, నాచ్చియార్‌కోయిల్ సోదరులు రాజం, దురైకణ్ణుల వద్ద తంజావూరు బాణీని అభ్యసించారు. ముస్లిం కుటుంబంలో పుట్టిన ఆయన శ్రీరంగంలో స్థిరపడి, రంగనాథుని సన్నిధిలో నాదసేవ చేశారు. 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు సంగీత అకాడమీ వారి సంగీత కళానిధి బిరుదు ఆయనను వరించినవి. 1999లో కన్నుమూసేలోగా ఆయన చేసిన మరొక పని ఇక్కడ గమనింపదగినది. శ్రీరంగంలో శారదా నాదస్వర సంగీతాశ్రమాన్ని స్థాపించి శిష్యులను తయారుచేశారు. తనకు గురువులు ఇచ్చిన నీడను తాను మరికొందరికి పరచినారు.

నాదస్వరానికి గుడి, గురుకులం, సభ అండగా నిలిచినవి. డప్పుకు ఆ మూడూ లేకపోవడమే వాటి మధ్య ఉన్న భేదం. రెండింటిలోనూ ఉన్నది అభ్యాసమే, లయజ్ఞానమే. అయితే ఏ ఆదరణా లేనివారి కోసం కొత్తగా అండను నిర్మించడం సాధ్యమా? సాధ్యమేనని మధ్యప్రదేశ్‌లోని మైహర్ పట్టణం నిరూపించింది. 1918 నాటి మహమ్మారి ఆ ప్రాంతంలో ఎందరో పిల్లలను అనాథలను చేసింది. మైహర్ సంస్థాన విద్వాంసుడైన ఉస్తాద్ అల్లావుద్దీన్ ఖాన్ ఆ పిల్లలను చేరదీసి, వారితోనే ఒక వాద్యబృందాన్ని ఏర్పాటు చేశారు. ఆయన స్వయంగా బాల్యంలోనే సంగీతం కోసం ఇల్లు విడిచి, కలకత్తాలో అన్నసత్రాలలో కడుపు నింపుకొని విద్య నేర్చినవారు. ఆకలి తెలిసిన గురువుకు అనాథల కష్టం ఇతరులు చెప్పనక్కరలేకపోయింది. ఆ బృందం కోసం తుపాకి గొట్టాలను వేరు వేరు పొడవులకు కోయించి, నల్‌తరంగ్ అనే కొత్త వాద్యాన్ని కూడా ఆయన రూపొందించారు. ప్రాణం తీయవలసిన గొట్టం స్వరం పలికింది. రవిశంకర్, అలీ అక్బర్ ఖాన్ వంటి మహా విద్వాంసులను తీర్చిదిద్దిన ఆ గురువు, దిక్కులేని పిల్లల బృందానికి కూడా అంతే నిష్ఠతో పాఠం చెప్పారు. శతాబ్దం గడచినా మైహర్ బ్యాండ్ పేరు నిలిచి ఉన్నది.

మైహర్‌లో సంస్థానాధీశుని ఆదరణ ఉన్నది, మహావిద్వాంసుడైన గురువు ఉన్నాడు. ఆ రెండూ లేనిచోట కూడా బృందం పుట్టగలదని బీహారు రాజధాని పాట్నాకు సమీపంలోని ఢిబ్రా గ్రామం చూపించింది. అక్కడ 2016లో పదిమంది దళిత స్త్రీలు నారీ గుంజన్ సర్గమ్ మహిళా బ్యాండ్ అనే బృందంగా ఏర్పడినారు. వారు పొలాలలో కూలి పని చేసుకొని బతికేవారు. దళిత స్త్రీల కోసం పనిచేస్తూ 2006లో పద్మశ్రీ పొందిన సుధా వర్గీస్ వారిని ప్రోత్సహించారు. డోలు భుజాన వేసుకొనడం పురుషుల పని అని నమ్మిన ఊరు మొదట వారిని చూసి నవ్వింది. వారు ఇంటిపని, కూలిపని ముగించుకొని అభ్యాసం చేశారు. చివరకు పెండ్లిండ్లకు, సభలకు వారికి పిలుపులు వచ్చినవి. చేతికి సొంత సంపాదన రావడంతో పాటు, ఊరిలో వారిని చూచే చూపు కూడా మారింది. నవ్వును ఆపినది వాదన కాదు, దరువు.

ఈ మూడు ఉదాహరణలను పక్కపక్కన ఉంచి చూస్తే ఒక విషయం తేటపడుతుంది. కరవదిలో పుట్టిన విద్యకు గురువుల నీడ దొరికింది. మైహర్ అనాథలకు గురువుతో పాటు వాద్యమూ ఆశ్రయమూ దొరికినవి. ఢిబ్రా స్త్రీలకు తోటివారి బలమూ, శ్రమకు ప్రతిఫలమూ దొరికినవి. ఎక్కడ ప్రతిభ వికసించినా, దాని వెనుక అండ ఒకటి ఉన్నది. అండ లేక వాడిపోయిన ప్రతిభ ఎంతో చరిత్రకు తెలియదు, ఏలనగా చరిత్ర నిలిచినవారినే లెక్కిస్తుంది.

పశ్చిమ ప్రకాశం డప్పు బృందాలకు ఇటువంటి అండ కొంత లభించకపోలేదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ సామాజిక భద్రతా పింఛన్లలో డప్పు కళాకారులను ఒక ప్రత్యేక వర్గంగా గుర్తించారు. 50 సంవత్సరాలు నిండిన అర్హులకు ఇచ్చే ఈ పింఛను 2024 జూలై నుండి నెలకు 4,000 రూపాయలు అయింది. ఒకప్పుడు పెట్టినది పుచ్చుకొని పొమ్మన్న విద్యను కళ అని ప్రభుత్వ పత్రాలలో వ్రాయడమే ఒక మార్పు. అయితే పింఛను వయసు మళ్లిన కళాకారుని ఆదుకొంటుంది. వరుస చివర నిలిచిన బాలునికి అది చేరదు. అతనికి కావలసినవి వేరు. బడి వార్షికోత్సవంలో, గ్రామ సభలో, పట్టణ వేదికపై అతని బృందానికి పిలుపు రావాలి. ఆ పిలుపుకు ముందుగా నిర్ణయించిన పారితోషికం ఉండాలి. వాయించినవారికి తక్కిన కళాకారులతో సమానంగా ఆసనం వేయాలి. బృందంలోని పెద్దను గురువుగా గౌరవించి, ఆయన చేత ఇతర పిల్లలకు కూడా పాఠం చెప్పించాలి. అన్ని ఇండ్ల పిల్లలూ, ఆడపిల్లలతో సహా, డప్పు పట్టిననాడు అది ఒక కులం మీద మోపిన భారంగా మిగలదు, అందరి విద్య అవుతుంది. నేర్చుకొనడం, మానుకొనడం పిల్లవాని ఇష్టానికి వదలాలి. ఇష్టంతో పట్టినదే కళ. నిర్బంధంతో పట్టినది వెట్టి.

ఈ మార్పు వచ్చినప్పుడు తండ్రిని వేధించే పాత ప్రశ్నకు పదును తగ్గుతుంది. చదువు కోసం వాద్యాన్ని వదలనక్కరలేదు, వాద్యం కోసం చదువును మాననక్కరలేదు. కాలక్రమాన కాగితపు పుస్తకాలు, ప్లాస్టిక్ పలకలు వచ్చి మార్కాపురం రాతిపలకకు గిరాకీ తగ్గింది. అయినా దాని మీద దిద్దిన అక్షరం చెరగలేదు. తోలు పలక స్థానంలో కూడా కొన్నిచోట్ల ఫైబరు డప్పులు వచ్చినవి. వాటిని మంట మీద కాచనక్కరలేదు. కాని చిర్ర పట్టే చేయి, దరువు అందుకొనే చెవి, పక్కన నిలిచే తోడు మాత్రం అప్పటివే కావాలి. ఆ సీమ బిడ్డకు రెండు పలకల మీదా హక్కు ఉన్నది. ఒకదానిమీద తన పేరు తాను వ్రాసుకొనాలి. మరొకదానిమీద ఆ పేరును ఊరు వినేటట్లు మోగించాలి.

కఠిన పదాలు – అర్థాలు:
మెట్టసీమ = వానపై ఆధారపడి సేద్యం చేసే ప్రాంతం
దరువు = తాళానికి అనుగుణమైన వాద్యపు మోత
చిర్ర = డప్పు వాయించే పొట్టి కర్ర
కొలుపులు = గ్రామదేవతకు చేసే ఉత్సవం
సంభావన = గౌరవంతో ఇచ్చే ధనం
బాణీ = పద్ధతి, శైలి
వెట్టి = ప్రతిఫలం లేని నిర్బంధపు పని

అభ్యాసం:

I. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. డప్పు బృందం ఒకేసారి పాఠశాలగా, ఉపాధిగా, బంధుబలంగా ఎట్లు పనిచేస్తున్నదో వివరించండి.
2. ప్రతిభకు అండ అవసరమని పాఠ్యభాగం ఏ ఉదాహరణల ద్వారా నిరూపించింది?

II. సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. డప్పు నిర్మాణాన్ని, వాయించే తీరును తెలపండి.
2. ‘వాద్యం మారలేదు, దానిని పట్టిన చేతి ఉద్దేశం మారింది’ – సందర్భాన్ని వివరించండి.
3. డప్పు విద్య విషయంలో తండ్రులిద్దరి మాటలలోనూ న్యాయం ఉన్నదని ఎందుకు చెప్పవచ్చు?

III. ఏకపద / ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. షేక్ చినమౌలానా జన్మించిన గ్రామం ఏది?
2. నల్‌తరంగ్ వాద్యాన్ని వేటితో తయారుచేశారు?
3. దండోరా అంటే ఏమి?

IV. మీ గ్రామంలో లేదా పట్టణంలో బృందంగా సాగే ఒక వాద్యకళను గురించి, ఆ కళాకారులను అడిగి తెలుసుకొని, ఒక పుట మించకుండా వ్రాయండి.